మస్కట్ దాటాక దొరికిన జమ్మి

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం కోసం జనగామలో బడులన్నీ బందు పెట్టారు. అప్పుడు నేను ఏడో తరగతి. గొంతు పోయేలా నినాదాలిచ్చి అందరికంటే ముందు గేటు దాటింది నేనే. ఉద్యమం చల్లారాక పిల్లలంతా బడికి తిరిగి వెళ్లిపోయారు. నేను మాత్రం మాట మీద నిలబడ్డాను. ఇప్పటికీ బందులోనే ఉన్నాను.

అలాంటి నాకు ఒమాన్ దేశంలో చదువుకున్నవాడని పేరొచ్చింది. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని పెద్దలు ఊరికే అనలేదు.

ఎమర్జెన్సీ పోయిన రెండేళ్లకు, స్టేషన్ రోడ్డులో నా సైకిల్ పంక్చర్ల దుకాణం తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టి బొంబాయి రైలెక్కాను. మా అవ్వ చిల్పూరు గుట్ట మీది బుగులు వెంకటేశ్వర స్వామికి మొక్కింది. బుగులు అంటే భయం, ఆ స్వామి మనుషుల బుగులు పోగొడతాడని పేరు. మా అవ్వ మొక్కింది నా బుగులు పోవాలని కాదట. నా నోటి వల్ల ఆ దేశం వాళ్లకు ఏ బుగులూ పుట్టకుండా చూడమని.

బొంబాయిలో ఏజెంటు గదిలో నెలన్నర పడి ఉన్నాను. అక్కడే నాకు ఇద్దరు తోడు దొరికారు. ఒకడిది మహబూబాబాద్. మేం మానుకోట అంటాం. మిర్చి బస్తాలు మోసి గట్టిపడిన భుజం, ఉర్దూ మాట్లాడితే నవాబుల ఇంట్లో పెరిగాడేమో అనిపించే నాలుక. నా ఈడువాడే కాబట్టి నాకు బావ అయ్యాడు. ఇంకొకాయనది భూపాలపల్లి దగ్గర, ఘనపూర్ తొవ్వలో చిన్న పల్లె. అప్పటికి అటువైపు ఇంకా బొగ్గు బావులు రాలేదు. అడవి అంచున రెండెకరాల వరి, ఒక జత ఎడ్లు, అదే ఆయన లోకం. మాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద కాబట్టి అన్న అయ్యాడు. మూడో నెల కడుపుతో ఉన్న భార్యను ఇంటి దగ్గర వదిలి వచ్చాడు. పెళ్లైన పదేళ్లకు నిలిచిన కడుపు అది.

విమానంలో ముగ్గురం ఒకే వరుసలో కూర్చున్నాం. అది పైకి లేవగానే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. నేను బావ చెయ్యి పట్టుకున్నాను. బావ కిటికీ పక్కనుండటంతో వాడికి పట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు. దిగేదాకా ఉర్దూలో దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాడు.

మస్కట్ నుంచి లోపలికి లారీలో సగం రోజు ప్రయాణం చేస్తే మా క్యాంపు వచ్చేది. ఎడారిలో తారు రోడ్డు వేసే పని. రేకుల షెడ్డులో పన్నెండు మంచాలు. అందులో తెలుగు తెలిసినవాళ్లం నలుగురం. మేం ముగ్గురం, ఒక కోస్తా వంటమనిషి. చదవడం రాయడం వచ్చింది నాకూ ఆ వంటమనిషికీ మాత్రమే. బావ సంతకం వరకే చదువుకున్నాడు, అన్న వేలిముద్ర. మేం నోరు విప్పితే చాలు, వంటమనిషి మా యాస పట్టుకుని వెక్కిరించేవాడు. అన్న నీళ్లడిగినా నవ్వేవాడు. కాబట్టి అన్న ఉత్తరాలు చదివే పనీ జవాబులు రాసే పనీ నాదే.

వదిన ఐదో తరగతి చదివింది. తన ఉత్తరాలు తనే రాసేది. మాట ఎలా వస్తే అలాగే కాగితం మీద పెట్టేది. ఉత్తరం వచ్చిందంటే షెడ్డులోకి సినిమా వచ్చినట్టే. నేను మంచమెక్కి కూర్చుని పెద్దగా చదివేవాణ్ణి. బావ అక్కడికక్కడే ఉర్దూలోకి మార్చి మిగతావాళ్లకు చెప్పేవాడు. అన్న మూలన కూర్చుని సిగ్గుపడుతూ సంతోషపడేవాడు.

నాట్ల కాలంలో ఒక ఉత్తరం వచ్చింది. అందులో వదిన ఇలా రాసింది: "బయట మేక దగ్గినా నువ్వే వచ్చినవేమో అనుకొని తొంగి చూస్తున్న."

అక్కడ ఆగి, ఏమీ అనకుండా తర్వాతి వాక్యానికి వెళ్లినవాడు మనిషి. నేను వెళ్లలేదు.

"అన్నా, నీ దగ్గుకు, మేక దగ్గుకు ఫరకు తెలుస్తలేదట వదినెకు!" అన్నాను.

వంటమనిషి గరిటె కింద పడేసి మరీ నవ్వాడు. బావ దాన్ని ఉర్దూలో చెప్పేసరికి షెడ్డంతా నవ్వింది. మరుసటి రోజు పొద్దున నీళ్ల ట్యాంకరు నడిపే పఠాన్ అన్నను చూసి "మే..." అన్నాడు. పొద్దు గూకేసరికి పన్నెండు మంచాల నుంచీ అదే పిలుపు.

 నవ్వులు మొదలైనప్పుడే అన్న నా చేతిలోని ఉత్తరాన్ని తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత వచ్చిన ఉత్తరం నాకు ఇవ్వలేదు. ఇంకో రెండు వచ్చాయి, అవీ ఇవ్వలేదు. వంటమనిషికి ఇచ్చే ప్రశ్నే లేదు. ప్రసవం నెల వచ్చింది, దాటింది. చింపని కవర్లు నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలో అలాగే ఉన్నాయి.

బావ వెళ్లి అడిగాడు. "అన్నా, పుట్టింది కొడుకో బిడ్డనో తెల్వకుంట ఎట్ల ఉంటున్నవే?"

"తెలుసుకుంట. గీ శనివారం సలాలా దిక్కు లారీ పోతుంది. ఫోర్‌మన్‌ను అడిగిన, గా క్యాంపుకు మార్చిండు. ఆడ ఎవడన్న సదువుకున్నోడు దొరుకుతడు."

"వీడు తప్పయిందంటుండు కదనే."

"పదేండ్ల తర్వాత పుట్టిన బిడ్డ. ఆ ముచ్చట గూడ మేకతోని కలిపి చెప్తడు వాడు. నాకద్దు."

పక్క మంచం మీద పడుకుని అంతా విన్నాను.  

బావ అమావాస్య నుంచి వేళ్ల మీద రోజులు లెక్కపెడుతూ వచ్చాడు. శుక్రవారం దసరా అన్నాడు. అక్కడ శుక్రవారమే సెలవు. తెల్లారితే శనివారం, అన్న లారీ ఎక్కేస్తాడు.

మా వైపు దసరా అంటే తెలిసిందే. పొద్దున పాలపిట్టను చూడాలి. సాయంత్రం ఊరి బయటి జమ్మి దగ్గరికి వెళ్లి ఆకు తెచ్చుకోవాలి. ఆ ఆకును బంగారం అంటాం. ముందు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి, తర్వాత తోటివాళ్ల చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవాలి. ఏడాది పొడుగునా పొలం గెట్టు తగాదాలో కొట్టుకున్నవాళ్లయినా సరే, ఎదుటివాడు జమ్మి పెడితే చెయ్యి వెనక్కి తీసుకోకూడదు. జనగామలో కోర్టు మెట్లు ఎక్కినవాళ్లు కూడా ఆ ఒక్క పూట కౌగిలించుకోవడం చూశాను. నాకు కావాల్సింది ఆ ఒక్క ఆకే. ఇసుక దేశంలో అదెక్కడ దొరుకుతుంది?

"పాలపిట్టను సూసొద్దాం పా" అని బావ అన్నను బయలుదేరదీశాడు. పఠాన్ నీళ్ల కోసం దూరాన ఉన్న బావికి వెళుతున్నాడు. ట్యాంకరు మీద ఎక్కి కూర్చున్నాం.

"వాడు నోరు దెరిస్తె దిగిపోత" అన్నాడు అన్న, నన్ను కాకుండా ట్యాంకరును చూస్తూ.

గంటన్నర ప్రయాణం. జీవితంలో నేను అంతసేపు మాట్లాడకుండా ఉన్నది అదే మొదటిసారి. బావ మాత్రం ప్రతి కరెంటు స్తంభాన్నీ వెతుకుతూ కాకిని, పావురాన్ని, చివరికి తీగకు చిక్కిన గుడ్డపేలికను కూడా పాలపిట్ట అన్నాడు.

బావి దగ్గర పఠాన్ గొట్టం దింపుతుంటే నేను దూరంగా నడిచాను. అక్కడక్కడ వంగిన కొమ్మలతో చెట్లున్నాయి. ఆర్నెల్లుగా లారీ మీదనుంచి వాటిని చూస్తూనే ఉన్నాను, ఏ చెట్లో ఎన్నడూ ఆలోచించలేదు. ఒకదాని నీడ చూసుకుని కూర్చున్నాను.

కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే లేచాను. ఏడో తరగతిలో లెక్కల సారు బెత్తం తర్వాత ఆ చోట అంత దెబ్బ తగల్లేదు. నేను పెట్టిన కేకకు ముందు పరుగెత్తి వచ్చింది బావ కాదు, అన్న. తేలు కుట్టిందనుకున్నాడు. చేతిలో రాయి ఉంది.

నేను వెనక చేతులు పెట్టి ముల్లున్న పుల్లను లాగి చూశాను. సన్నని ముల్లు. పుల్లకు అంటుకుని రెండు రెమ్మలు. చింతాకు కంటే చిన్న ఆకులు, బూడిద పూసినట్టున్న రంగు. దాన్ని అన్న ముందు పెట్టాను. మాట్లాడకూడదని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అన్న రాయి కింద పడేశాడు. పుల్లను తిప్పి చూశాడు. తల ఎత్తి చెట్టును చూశాడు. బెరడు మీద చెయ్యి వేశాడు.

"జమ్మి" అన్నాడు. రెండు నెలల్లో ఆయన నాతో ఆడిన మొదటి మాట అదే.

అంతలో ఆయాసపడుతూ బావ వచ్చాడు. "అగో, నిజంగ జమ్మేనే!" అని ముగ్గురికీ చాలినంత రెమ్మ విరిచాడు. వెంటనే అవతలి నుంచి గద్దింపు వినిపించింది. మేకల మంద వెనక తెల్లగడ్డం ముసలాయన కర్ర ఎత్తుకుని వస్తున్నాడు. చెట్టు ఆయన మేకలకు మేత, మాకేమో పండుగ. బావ ఉర్దూ, క్యాంపు అరబ్బీ, రెండు చేతులూ కలిపి చెప్పడం మొదలుపెట్టాడు. ఈ రోజు మా పండుగ, మా ఊళ్లో ఇదే చెట్టు, ఆకు ముందు పెద్దల చేతిలో పెడతాం అని.

అక్కడున్నవాళ్లలో పెద్ద ఆయనే. నేను ఇంకేమీ ఆలోచించలేదు. రెండాకులు తెంపి ఆయన అరచేతిలో పెట్టి, వంగి కాళ్లు పట్టుకున్నాను.

ఆయన కర్ర వదిలేసి రెండడుగులు వెనక్కి ఎగిరాడు. మనిషి కాళ్లు మనిషి మొక్కడం ఆ నేలలో లేదు. బావ నెత్తి కొట్టుకున్నాడు. "కొంప ముంచినవ్ గదరా, గియ్యాళ్ల ముగ్గురం జైల్లనే అలాయ్ బలాయ్!"

ముసలాయన కాసేపు నన్నూ, చేతిలోని ఆకునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత భుజాలు పట్టి నన్ను లేపి, తన ముక్కును నా ముక్కుకు ఆనించాడు. అది వాళ్ల అలాయ్ బలాయ్. సంచిలోంచి ఖర్జూరాలు తీసి మా ముగ్గురికీ పెట్టాడు.

ఇక మిగిలింది అన్న. జమ్మి పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను. ఆయన పిడికిలి బిగించే ఉంది.

"తప్పయింది అన్నా" అన్నాను. 

సరిగ్గా అప్పుడే, మా వెనక, మందలోని ఒక మేక దగ్గింది.

బావ కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నాడు. అన్న కూడా నన్నే చూస్తున్నాడు. ఒక్కటి కాదు, నాలుగు మాటలు నా నాలుక చివర వరుస కట్టాయి. నాలుగూ మంచివే, ఇప్పటికీ గుర్తున్నాయి. పళ్లు బిగబట్టాను.

"అను" అన్నాడు అన్న. "అనవైతివి?"

"అనను."

మేక మళ్లీ దగ్గింది. నేను చూపు తిప్పలేదు. అన్న పిడికిలి విప్పాడు.

అలాయ్ బలాయ్ తీసుకున్నాక ఆయన నడుము సంచి విప్పి మూడు కవర్లు నా చేతిలో పెట్టాడు. చెమటకు తడిసి అంచులు మెత్తబడ్డాయి. అదే జమ్మి నీడలో, ఈసారి నేల చూసుకుని మరీ కూర్చున్నాను. బావ దూరంగా వెళ్లబోతే అన్నే కూర్చోబెట్టాడు.

మొదటి దాంట్లో నెలలు నిండుతున్నాయని, జవాబు ఎందుకు రాలేదని ఉంది. రెండో దాంట్లో బిడ్డ పుట్టిందని ఉంది. "ఆడివిల్ల. నీ తీర్గనే పెద్ద చెవులు." ఆ చెవుల దగ్గర కూడా నేను ఆగలేదు. మూడో దాంట్లో ఇరవై ఒకటో రోజు వేడుక చేశామని, పేరు నువ్వు చెప్పేదాకా చిన్ని అనే పిలుస్తున్నామని ఉంది. చివర ఇంకో మాట: "జనగామ మరిదికి పానం బాగలేదా? ఆయన రాత కోడి గీకినట్టున్నా ఎదురుచూస్తున్న."

దాన్ని కూడా, ఉన్నది ఉన్నట్టు, అదే గొంతుతో చదివాను. మూడు ఉత్తరాలు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట మింగలేదు. నా బతుకులో నేను గర్వంగా చెప్పుకునే చదువు అదొక్కటే.

అన్న ఏడవలేదు. తన చెవులు ఒకసారి తడుముకున్నాడు. "మల్ల సదువు" అన్నాడు. మళ్లీ చదివాను. పఠాన్ హారన్ కొట్టేదాకా నాలుగుసార్లు చదివాను. తిరుగు దారిలో కరెంటు స్తంభం మీద నీలి రెక్కల పాలపిట్ట నిజంగానే కనిపించింది. అప్పటికి బావ నిద్రపోతున్నాడు. శనివారం లారీ అన్న లేకుండానే సలాలా వెళ్లింది.

నాలుగేళ్లకు ముగ్గురం తిరిగొచ్చాం. ఆ తర్వాత ఒక దసరాకు నేనూ బావా కలిసి అన్న ఊరికి వెళ్లాం. జమ్మి దగ్గర ఊరంతా పోగైంది. నేను ఊరుకుంటానా? సముద్రం అవతల, గడ్డి మొలవని ఇసుకలో, జమ్మిని గుర్తుపట్టిన మొదటి జనగామ వాణ్ణి నేనేనని రొమ్ము విరిచి చెప్పాను. ముల్లు సంగతి మాత్రం వదిలేశాను. అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. అన్న మీసాల్లో నవ్వుకున్నాడు. అంటే ఇంట్లో ఆ ముచ్చట ఎప్పుడో చెప్పేశాడన్నమాట.

పెద్ద చెవుల బిడ్డను చంకన వేసుకుని నిలబడిన వదిన నా చేతిలో జమ్మి పెట్టి అంది:

"నువ్వేడ గుర్తువట్టినవ్ మరిదీ? జమ్మే నిన్ను గుర్తువట్టింది. కాకుంటె జర గురి తప్పింది, నోట్ల పొడవాల్సింది."