సొంగన్న ఉప్పు బిల్లు

థాక్ సొంగన్నకు ఒకటే పట్టుదల. లోకంలో ఏది చెడిపోయినా సర్కారు చేతుల్లోంచి తీసి బజారుకు వదిలేస్తే బాగుపడుతుందంటాడు. కొరియాలోని జొంజులో కళ్లద్దాల దుకాణం ఆయనది. మనసు మాత్రం హేవొన్‌లో ఉండేది. హేవొన్ మేం ఇంటర్నెట్‌లో ఆడుకునే ఉత్తుత్తి దేశం. ఇరవై ఒక్క మంది సభ్యులు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చర్చలు, ఓటింగు. నేను స్పీకర్ని.

మూడేళ్లలో ఆయన ముప్ఫై ఒక్క బిల్లులు పెట్టాడు. అన్నీ ఓడాయి. అగ్నిమాపక దళాల మధ్య పోటీ పెట్టాలన్నాడు. ఇల్లు తగలబడుతుంటే బేరమాడాలా అని అడిగితే, ముందే మాట్లాడి పెట్టుకోవాలని శాంతంగా చెప్పాడు. ప్రతిసారీ పడే ఓటు ఒక్కటే, అది ఆయనదే. మేం నెలకోసారి కలిసే హోటల్లో, అడిగినన్నిసార్లు కిమ్చి పచ్చడి ఉచితంగా వడ్డించడం తప్పని యజమానురాలికి నచ్చజెప్పబోయి రెండో గిన్నె పోగొట్టుకున్నాడు.

ముప్ఫైరెండోది ఉప్పు అమ్మకాన్ని సర్కారు వదులుకోవాలనే బిల్లు. ఒక్కొక్కరికీ ఓపికగా నచ్చజెప్పి, తనతో కలిపి పదకొండు ఓట్లు కూడగట్టాడు. గెలుపు ఖాయం. ఓటింగు నాడే ఆ విడత సభకు చివరి రోజు. ఒక్క బిల్లుకే సమయముంది.

ఆ ఉదయం మా సభ్యురాలు ప్యో మ్యొంగొక్ ఇంకో బిల్లు పంపింది. ఆమె ఉండేది ఒక దీవిలో. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు పడవెక్కాలి. రెండు మాటలకే ఆయాసపడేది. దీవుల్లోని రోగులకు సర్కారు ఉచితంగా పడవ నడపాలని ఆమె కోరిక. తరువాతి సభలో పెట్టమన్నాను. రేపు కిడ్నీ మార్పిడికి ఆసుపత్రిలో చేరుతున్నానని, బతికుంటే పెడతానని అందరూ చూసేచోట రాసింది.

కాసేపటికి సొంగన్న ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, నా బిల్లు తీసెయ్. అక్క పడవ పెట్టు."

"అన్నా, మూడేళ్లకు గెలవబోతున్నావు."

"ఉప్పు పాడైపోయే సరుకు కాదులే."

పడవ బిల్లు నెగ్గింది. అనుకూలంగా ఇరవై, వ్యతిరేకంగా ఒకటి. ఆ ఒకటీ సొంగన్నదే. ఇదేం పనని నిలదీశాను.

"నా వంతు ఇచ్చాను గానీ, ఆ బిల్లును నేను ఒప్పుకోలేదు. ఉచిత పడవ తప్పు కదా?" అన్నాడు.

ఆరు నెలలకు ఉప్పు బిల్లు మళ్లీ వచ్చింది. ఆపరేషన్ అయి కోలుకున్న ప్యో అక్క మైకు అందుకుని, ఉప్పు సర్కారు దగ్గరే ఉండాలని పది నిమిషాలు వాదించింది. ఇద్దరు మనసు మార్చుకున్నారు. బిల్లు ఓడిపోయింది.

ఓదారుద్దామని ఫోన్ చేశాను. నన్ను మాట్లాడనివ్వలేదు.

"విన్నావా తమ్ముడూ? పది నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా నన్ను దులిపేసింది" అన్నాడు సంబరంగా.