లేతు సంగతి అడిగిన పెద్దాయన

ఇన్‌స్పెక్షన్ దగ్గరపడితే బస్సుల్లో కొత్తవాళ్లతో మాట్లాడొద్దని మా ప్రిన్సిపాల్ హెచ్చరించేవారు. తనిఖీ వాళ్లు మామూలు మనుషుల్లా వచ్చి కూపీ లాగుతారట. తొంభైల చివర్లో మైలవరం దగ్గర ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని నేను. ఇన్‌స్పెక్షన్‌కి వారం ముందు ఓ సాయంత్రం విజయవాడ బస్సులో నా పక్కన కూర్చున్న ఖద్దరు చొక్కా పెద్దాయన, నా చేతిలోని కాలేజీ ఫైలు చూశారు.

“మీ వర్క్‌షాపులో ఇనుము చెక్కే పెద్ద లేతు మిషన్ తిరుగుతోందా అండీ?”

తనిఖీ మనిషే అనుకున్నాను. అది తిరగ్గా నేనెప్పుడూ చూడలేదు. కరెంటు చాలదని చెప్పేవారు.

“భేషుగ్గా తిరుగుతోందండీ. పిల్లలు రోజూ దానిమీదే ప్రాక్టికల్స్ చేస్తున్నారు,” అన్నాను.

ఆయన నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నారు.

“అయితే మోటారు పెట్టించారన్నమాట. మొదటి ఇన్‌స్పెక్షన్‌కి ఆటోనగర్‌లో మోటారు లేని పాత లేతు బాడీ కొని, రంగేయించి నిలబెట్టామండీ. పర్మిషన్ రాగానే మోటారు కొందామనుకున్నా. ఈలోగా నన్ను కాలేజీ సొసైటీ ప్రెసిడెంటు పదవిలోంచి దింపేశారు.”

ఇదీ కూపీలో భాగమేననుకుని కిటికీ వైపు తిరిగాను. భవానీపురంలో దిగుతూ ఆయన నా భుజం తట్టారు.

“చాలా సంతోషమండీ.”

మర్నాడు లేతు కింది మూత తీసి చూశాను. మోటారు బిగించాల్సిన చోట ఆకుపచ్చ రంగు చెక్కుచెదరకుండా మెరుస్తోంది.