కంకిపాడు మేడమ్ క్లాసు

పటమటలో ఒక మందుల షాపు పైన, రెండో అంతస్తులో జపనీస్ నేర్పే సెంటర్ ఉంది. నర్సింగ్ చదివినవాళ్లు అక్కడ ఏడెనిమిది నెలలు భాష నేర్చుకుని, ఇంటర్వ్యూ నెగ్గితే జపానులో ముసలివాళ్లను చూసుకునే హోముల్లో ఉద్యోగాలకు వెళతారు. ఆరేళ్ల కిందట సెంటర్ తెరిచిన రోజు నుంచీ అక్కడ పాఠం చెబుతున్నవాడు ఉమామహేశ్. పిల్లలు చాటుగా ఆయన్ని ‘కంజీ మాస్టారు’ అంటారు. కంజీ అంటే జపానువాళ్ల బొమ్మల్లాంటి అక్షరాలు. అవి రెండు వేల పైచిలుకు ఆయనకు చూడకుండా రాయడం వచ్చు. జపాను మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు.

ఆయన సొంతవూరు పెడన. తండ్రి వీరభద్రయ్య నేతపని చేసేవాడు. ఉమామహేశ్‌కి పదేళ్లప్పుడు తండ్రి ఆయన్నీ తమ్ముణ్ణీ మగ్గం గుంటలో కూర్చోబెట్టి పని నేర్పాడు. నోటితో చెప్పింది తక్కువ. పిల్లవాడి పాదం మీద తన పాదం వేసి తొక్కించేవాడు, చేతి మీద చెయ్యి వేసి దారం కండె పెట్టిన నాడె ఆడించేవాడు. తమ్ముడికి నెల తిరక్కుండా పట్టుబడింది. ఉమామహేశ్‌కి వేసవి సెలవులన్నీ గడిచినా కాలూ చెయ్యీ కలవలేదు. “వీడికి పుస్తకమే గతిరా,” అని తండ్రి నవ్వాడు. కోపంగా అన్నమాట కాదు. అయినా ఆ పూట తండ్రి తమ్ముడి వంక మురిపెంగా చూసిన చూపు తనకింకా గుర్తుందని ఉమామహేశ్ తనే చెబుతాడు. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో జపాను యంత్రాల కాగితాలు కంప్యూటర్లోకి ఎక్కించే ఉద్యోగం దొరికింది. అక్కడ ఒక్కో అక్షరం దిద్దుకుంటూ సొంతంగా ఆ భాష నేర్చుకున్నాడు. పన్నెండేళ్లు పట్టింది. ఇప్పుడు నలభై రెండేళ్లొచ్చాయి. తనకంటూ ఉన్న గొప్ప అదొక్కటే.

పోయిన వేసవిలో సెంటర్ ఓనర్ రామకోటేశ్వరరావు ఒక కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చాడు.

“మాస్టారూ, ఈవిడ శ్రీదుర్గ గారు. మన కంకిపాడే. ఒసాకా పక్కన ముసలివాళ్ల హోములో మూడేళ్లు చేసొచ్చారు. మధ్యాహ్నం బ్యాచ్ ఈవిడకిద్దామనుకుంటున్నా.”

“కంజీ ఎన్నొచ్చండీ?” అని అడిగాడు ఉమామహేశ్.

“మూడొందలు పోల్చుకుంటానేమోనండి. రాయమంటే రాయలేను,” అందామె, ఏమాత్రం మొహమాటపడకుండా.

ఆ రోజు ఆయన భోజనం కులాసాగా చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ప్లైవుడ్ గోడకవతల బల్లలు లాగుతున్న చప్పుడైంది. తర్వాత కాళ్ల చప్పుళ్లు, నవ్వులు. ఆయన నీళ్లు తాగే వంకతో లేచి వెళ్లి చూశాడు. బల్లలన్నీ గోడవారకి చేరాయి. పిల్లలు గదంతా పరుచుకుని నిలబడ్డారు. దుర్గ చేతిలో పుస్తకం లేదు. “సువత్తె కుదసాయ్,” అంటూ తనే కుర్చీలో కూర్చుంది, అందరూ కూర్చున్నారు. “తత్తె కుదసాయ్,” అంటూ లేచింది, అందరూ లేచారు. కాసేపటికి తను కదలకుండా మాట మాత్రమే అంటోంది, వాళ్లు చేస్తున్నారు. తలుపు దగ్గరికెళ్లండి, గ్లాసు తియ్యండి, పక్కవాళ్లకివ్వండి, తువ్వాలు మడవండి. తెలుగులో ఒక్క ముక్క లేదు. పొరపాటున గ్లాసు బదులు చెప్పు తీసిన పిల్లని చూసి అందరూ నవ్వితే, ఆ పిల్ల కూడా నవ్వి చెప్పు కింద పెట్టి గ్లాసు తీసింది. మూడు వారాలు దాటినా ఆమె ఎవరి చేతా ఒక్క మాట పలికించలేదు. పలకాలని అనిపించినప్పుడు వాళ్లే పలికారు.

ఇది పాఠమేమిటి, డ్రిల్లు కాకపోతే! అలా అనుకునే తన గదిలోకి వచ్చాడు ఉమామహేశ్. కానీ చెవి అక్కడే ఉండిపోయింది. ఆయన క్లాసులో ఆర్నెల్లయినా పిల్లలు వాక్యం అనేముందు నోట్సు వంక చూస్తారు. దుర్గ పిల్లలు రెండో నెలకే మెట్లు దిగుతూ జపనీస్‌లో ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటున్నారు. కొండపల్లి నుంచి వచ్చే అమ్మాయి ఒకతె దుర్గకి చెక్క ఏనుగుబొమ్మ తెచ్చింది. ఎవరో ఉలవచారు తెచ్చారు. ఆరేళ్లలో తనకెవరు ఏం తెచ్చారని వెతుక్కుంటే టీచర్స్ డే నాటి పెన్నులు తప్ప గుర్తురాలేదు. ఆమె చెప్పుల జత గుమ్మంలో కనబడితే చాలు, ఆ పూటకి ఆయన మనసు చేదయ్యేది.

తర్వాత నతానియేలు వచ్చాడు. ఉయ్యూరు కుర్రాడు, మేల్ నర్స్, పొద్దుటి బ్యాచ్‌లో ఆయనకి ఇష్టమైన శిష్యుడు. అక్షరం కుదురుగా రాస్తాడు.

“సార్, ఏమీ అనుకోకండి. మధ్యాహ్నం బ్యాచ్‌లోకి మారతానండి.”

“ఏం, నా పాఠం అర్థం కావట్లేదా?”

“అర్థమవుతందండి. నోట్లోంచి రావట్లేదండి.”

“సరే, వెళ్లు,” అన్నాడు ఉమామహేశ్.

ఆ వారమంతా ఆయన గోడకి కుర్చీ ఆనించుకుని ఆమె మాటల్లో తప్పు కోసం విన్నాడు. నాలుగో రోజు దొరికింది. వద్దు, కూడదు అనాల్సిన చోట ఆమె “అకన్” అంటోంది. అది ఒసాకా వైపు ఇళ్లలో అనుకునే మాట. పుస్తకాల్లో, పరీక్షల్లో “దమే” అంటారు. అలాంటివి మరో పది ఏరి కాగితం మీద రాసి ఓనర్ ముందు పెట్టాడు.

“ఈవిడ యాస నేర్పుతున్నారండీ. రేపు ఇంటర్వ్యూలో వాళ్లు నవ్వితే సెంటర్ పరువు పోద్ది. నాకెందుకు గానీ, మీకు చెప్పకపోతే తప్పనిపించింది.”

రామకోటేశ్వరరావుకి ఒక్క జపనీస్ ముక్క రాదు, అందుకే హడలిపోయాడు. ఇంటర్వ్యూలు ఇంకా రెండు వారాలే ఉన్నాయి. ఆ సాయంత్రమే దుర్గని పిలిచి, బ్యాచ్ మాస్టారికి అప్పగించమన్నాడు. ఆమె ఆ కాగితం పైనుంచి కిందికి చదివి, మడిచి బ్యాగులో పెట్టుకుని, పిల్లలకి చెప్పి వెళ్లిపోయింది.

మర్నాటికి బల్లలు వరసల్లోకొచ్చాయి. ఉమామహేశ్ మధ్యాహ్నం బ్యాచ్‌లోని తొమ్మిదిమందికీ యాస మాటలు కొట్టేయించి సరైనవి రాయించాడు. వాక్యం చెప్పమంటే ముందు వాళ్ల చేతులు లేచేవి, ఆ వెనకే మాట వచ్చేది. అది చూస్తే ఆయనకి ఆమే ఎదురుగా నిలబడినట్టుండేది. “చేతులు కట్టుకుని చెప్పండి! ఇదేమన్నా నాటకమా?” అన్నాడు. వాళ్లు చేతులు కట్టుకున్నారు. మాటలు తడబడ్డాయి. రాయడంలో మాత్రం మార్కులు పెరిగాయి, ఆయన ఆ కాగితాలే చూసుకున్నాడు.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో జరిగింది. టీవీ తెర మీద ఒక జపాను పెద్దావిడ, గదిలో ఒక మంచం, దాని మీద రోగిలా పడుకోవడానికి ఓనర్ బావమరిది. ఆవిడ వ్యాకరణం అడగలేదు. “ఈయన్ని లేపి కూర్చోబెట్టండి. ఆయనతో మాట్లాడుతూ చెయ్యండి,” అంది. నతానియేలు మంచం దగ్గరికి వెళ్లాడు. నోరు తెరిచి, పక్కనున్న ఉమామహేశ్ వంక చూశాడు. చేతులు కట్టుకుని నిలబడి వాక్యం మొత్తం తప్పులేకుండా అప్పజెప్పాడు. పడుకున్న మనిషి పడుకునే ఉన్నాడు.

తొమ్మిదిమందిలో ఇద్దరే నెగ్గారు.

మెట్ల మీద నతానియేలు అన్నాడు, “మీరు కోప్పడతారేమోనని చేతులు లేవలేదండి సార్.” తప్పుపడుతున్నట్టు కాదు, తన లోపం చెప్పుకుంటున్నట్టు అన్నాడు. ఉమామహేశ్ సందు చివరిదాకా వాడితో నడిచాడు. అక్కడ తెలిసింది, మిగిలిన ఏడుగురూ ఆదివారాలు కంకిపాడులో మేడమ్ ఇంటికి వెళ్లాలనుకుంటున్నారని.

రెండు ఆదివారాలు ఆయన తనతో తనే వాదించుకున్నాడు. మూడో ఆదివారం బందరు బస్సెక్కి కంకిపాడులో దిగాడు. వెళ్లింది క్షమాపణ చెప్పడానికే. కానీ మేడ మెట్లెక్కుతుండగా పైనుంచి నవ్వులు వినబడేసరికి మళ్లీ అదే మంట. వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు. ఈలోపు దుర్గ చూసింది.

“రండి సార్, సమయానికొచ్చారు. పేషెంటుగా ఎవరూ లేరు. ఆ చాప మీద పడుకోండి.”

ఆయన చెప్పులు విడిచి పడుకున్నాడు. నతానియేలు మోకాళ్ల మీద కూర్చుని, “ఒకిమషో,” లేద్దామా అంటూ మెడ కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేశాడు. నా భుజం పట్టుకోండి అన్నాడు జపనీస్‌లో. ఆయన చెయ్యి దానంతటదే వెళ్లి భుజం పట్టుకుంది. ఒక్క కుదుపు లేకుండా లేచి కూర్చున్నాడు. వేలసార్లు రాసిన మాటలే అవి. ఎవరో తనతో అనగా వినడం అదే మొదలు.

పిల్లలు వెళ్లాక అన్నాడు, “ఆ కాగితం రాసింది నేనేనండీ.”

“తెలుసండి. ఆ తప్పులు పట్టగలిగిన వాళ్లు ఆ సెంటర్లో ఇంకెవరున్నారు?”

“తెలిసీ లోపలికి పిలిచారా?”

“పేషెంటు కావాలి కదండీ,” అంది దుర్గ. తర్వాత నవ్వు ఆపి, “వారం రోజులు అన్నం సయించలేదు సార్. మీ మీద కోపంతోనే. కానీ మీరు రాసిందాంట్లో ఒక్కటీ అబద్ధం లేదు. అదే ఎక్కువ మండించింది నన్ను,” అంది.

“తప్పులు నిజమేనండి. రాసిన బుద్ధే మంచిది కాదు. మీ క్లాసులో నవ్వులు వినలేకపోయాను.”

ఆమె పర్వాలేదని అనలేదు. కాఫీ మాత్రం ఇచ్చింది.

సోమవారం ఆయన రామకోటేశ్వరరావుకి ఇదే మాట చెప్పాడు. ఓనర్ నెత్తి కొట్టుకుని, స్వయంగా కంకిపాడు వెళ్లి ఆమెను పిలుచుకొచ్చాడు. ఆమె ఒక షరతు పెట్టింది. పొద్దున రాత పని మాస్టారు చూడాలి, మధ్యాహ్నం తన క్లాసులో ఆయన కూర్చుని యాస దొర్లితే అక్కడికక్కడే దిద్దాలి. డిసెంబరు ఇంటర్వ్యూల్లో ఆ ఏడుగురిలో ఆరుగురు నెగ్గారు. నతానియేలు ఇప్పుడు నగోయాలో ఉన్నాడు.

ఉమామహేశ్ మొదట్లో గోడవారన కుర్చీలో కూర్చునేవాడు. ఒకరోజు దుర్గ, “కూర్చుంటే మీకు తప్పులే వినబడతాయి సార్, లేచి చెయ్యండి,” అంది. అప్పటినుంచి పిల్లల మధ్య నిలబడుతున్నాడు. ఎడమవైపు తిరగమంటే కుడివైపు తిరుగుతాడు. గ్లాసు, తువ్వాలు, కుర్చీ అని మూడు పనులు వరసగా చెబితే రెండో దాని దగ్గర ఆగిపోతాడు. పక్కన మరియదాసు అని పంతొమ్మిదేళ్ల కుర్రాడున్నాడు, చేరి నెల కాలేదు, ఒక్క కంజీ రాయలేడు. దుర్గ నోట మాట పూర్తికాకముందే వాడు చేసేస్తాడు. ఆవిడ “భలే” అంటే వాడి మొహం వెలిగిపోతుంది.

దుర్గ మీద ఇప్పుడు తనకి అసూయ లేదంటాడు ఉమామహేశ్. ఆ మరియదాసుని చూస్తేనే ఒళ్లు మండుతోందట.