యస్సిపినార్ మసీదులో ఎలుకలు

ముప్ఫై ఏళ్ల కాపురంలో జైనెల్ తన భార్య సెనెమ్‌కు నేర్పిన అబద్ధం ఒక్కటే. అది ఎలుకల గురించి.

ఆమె అబద్ధాలకు పనికివచ్చే మనిషి కాదు. ఉన్నికి రంగు వేసే ఇంట పుట్టింది. అక్రోటు తొక్కల కషాయంలో పటిక కాస్త ఎక్కువైతే ఉన్ని పెళుసెక్కుతుందనీ, తక్కువైతే రంగు మొదటి ఉతుకుకే కారిపోతుందనీ చిన్ననాడే కళ్లారా చూసింది. అందుకే ఏ సంగతైనా ఎంత ఉందో అంతే చెప్పేది. వాన పడిందా అని అడిగితే, మా పెరట్లో పడింది అనేది. ఊరివాళ్లు ఆ మాటకు నవ్వుకునేవారు; తగువుల్లో సాక్ష్యం కావలసివస్తే మాత్రం ఆమె గుమ్మంలోకే వచ్చేవారు.

ఎలుకల కథకు మూలం రోడ్డు. యస్సిపినార్ కొండమీది అలెవీల ఊరు; సున్నీలకు వేరైన దారి పట్టిన ముస్లిములు వాళ్లు. ఊరు రోడ్డు కావాలని అర్జీ పెట్టుకుంది. రోడ్డు తప్పక వస్తుందనీ, దాని వెంట ఒక మసీదు కూడా వస్తుందనీ ప్రభుత్వం నుంచి జవాబొచ్చింది. ఈ ఊళ్లో ఎవరూ మసీదులో నమాజు చెయ్యరని, రంజాన్ ఉపవాసం ఉండరని, ముహర్రంలో పన్నెండు రోజులు మంచినీళ్లు ముట్టకుండా, మజ్జిగతోనే దప్పిక తీర్చుకుంటూ శోకం పాటిస్తారని, ఆడా మగా ఒకే గదిలో కూర్చుని సాజ్ అనే తంత్రీవాద్యం వాయిస్తూ దేవుణ్ణి తలుచుకుంటారని పైవాళ్లకు తెలియక కాదు, తెలిసే. మసీదు ఒక్క వేసవిలో లేచింది. రోడ్డు అంత తొందరపడలేదు.

మసీదు వెంట ముఅమ్మెర్ అనే ఇమాం వచ్చాడు. నల్లసముద్రపు ఒడ్డువాడు, సున్నీ, పెళ్లికాని వాడు, మర్యాదస్థుడు. ఊరివాళ్లు అతన్ని హోజా అనేవారు. మీనారు మీది మైకు సరిగ్గా జైనెల్ పడకగది కిటికీ వైపు తిరిగి ఉండేది. మొదటి వారం జైనెల్ ఓర్చుకున్నాడు. రెండో వారం మైకు మూగబోయింది. ఊళ్లో కరెంటు పనులు చేసేవాడు జైనెల్ ఒక్కడే కనుక ఇమాం అతన్నే పిలిచాడు. జైనెల్ ఫ్యూజు పెట్టె తెరిచి, వైద్యుడిలా మొహం పెట్టి చాలాసేపు పరిశీలించి, "ఎలుకలు, హోజా," అన్నాడు. ఫ్యూజు అతని కోటు లోపలి జేబులోనే ఉంది. దాన్ని ఊడదీసిన సాయంత్రం టార్చిలైటు పట్టుకుని నిలబడింది సెనెమే.

ఆ తర్వాత ఎలుకలు అప్పుడప్పుడూ వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా జైనెల్ రెండు మూడు రోజులు హాయిగా నిద్రపోయి, ఆపైన వెళ్లి బాగుచేసి, ఇమాం తన ఊరినుంచి తెప్పించుకున్న టీ తాగి వచ్చేవాడు. ఇమాం పాపం పట్నం నుంచి ఒక పిల్లిని తెచ్చాడు. అది మసీదు మెట్లమీద జున్ను తిని లావెక్కింది. ఇమాం కూడా జైనెల్ ఇంటికి వచ్చేవాడు. అలెవీ కోసిన మాంసం తినకూడదని ఎవరో చెప్పిపంపారు కాబట్టి గుడ్లు మాత్రమే తినేవాడు. "మంచిదే హోజా, కోడి గుడ్డు పెట్టేటప్పుడు ఎవరి పేరూ తలుచుకోదు," అనేవాడు జైనెల్.

నాలుగేళ్ల తర్వాత, ఆకురాలు కాలంలో, జైనెల్ గుండె ఆగి సత్యంలోకి నడిచిపోయాడు. సమాధి దగ్గర ఊరి గురువు కలెందర్ దెదె తన ప్రార్థన చదివాడు. ఇమాం గోడ అవతల నిలబడి తన ప్రార్థన తాను చదువుకున్నాడు. ఇద్దరూ ఒకేసారి ముగించారు. అది కాకతాళీయమని ఊరు తీర్మానించింది.

నలభయ్యో రోజు సాయంత్రం జెమ్ ఇంట్లో, అంటే ఊరి ప్రార్థనకూటం జరిగే గదిలో, అందరూ కూడారు. పోయినవాడు ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, వాళ్లు క్షమించి ఒప్పుకునేదాకా అతను పరలోకంలో దోషిలా నిలబడే ఉంటాడని వాళ్ల నమ్మకం. అతని బదులు ఇక్కడ భార్య నిలబడాలి. గది నడిమధ్య సెనెమ్ వట్టికాళ్లతో, కుడికాలి బొటనవేలు ఎడమకాలి బొటనవేలి మీద వేసి, తలవంచి నిలబడింది. జైనెల్ మీద ఎవరికైనా నొప్పి ఉందా అని దెదె మూడుసార్లు అడిగాడు. లేదు, మాకు సమ్మతమే అని గది మూడుసార్లు పలికింది. జైనెల్‌ను ఆ దోషి నిలుపు నుంచి దింపేస్తున్నానని దెదె అనబోతుండగా, ఒకరు ఇక్కడ లేరంది సెనెమ్. ఎలుకల సంగతి మొత్తం చెప్పింది, టార్చిలైటుతో సహా.

గది పగలబడి నవ్వింది. దెదె నవ్వలేదు. ఇమాంను పిలవాలన్నాడు.

జెమ్‌కు కాపలా పెద్దగా చేతికర్ర పట్టుకుని నిలబడే హిదిర్‌కు ఇది నచ్చలేదు. "హోజా మన దారివాడు కాదు కదా, దెదె. అతని సమ్మతి మనకెందుకు?"

"డెబ్భైరెండు జాతులనూ ఒకే కంటితో చూడాలని ఇందాకేగా గొంతు చించుకుని పాడావు. ఆ డెబ్భైరెండులో సున్నీలు లేరని ఏ చరణంలో ఉంది, హిదిర్?"

హిదిరే వెళ్లి పిలుచుకొచ్చాడు. ఇమాంకు తన ఇబ్బంది తనకుంది. జెమ్ ఇంట్లోకి వెళ్లాడని పైవాళ్లకు తెలిస్తే ఉద్యోగం ఏ మూలకు మారుతుందో తెలియదు. రానంటే చనిపోయినవాడికి అడ్డు నిలిచినట్టు. దారి పొడుగునా ఆలోచించి న్యాయంగా ఒక మధ్యేమార్గం కనిపెట్టాడు. లోపలా కాకుండా, బయటా కాకుండా, బూట్లతో సరిగ్గా గడప మీద నిలబడ్డాడు.

ఆ ఇంట్లోకి వచ్చే ప్రతివాడూ వంగి ముద్దుపెట్టుకుని దాటే గడప అది. పసిపిల్లలు కూడా దాని మీద కాలు వెయ్యరు.

"కాలు తియ్యి, హోజా," అన్నాడు హిదిర్.

"ఎటు తియ్యను?"

"ఎటైనా సరే."

"ఎటూ పెట్టలేకే కదా ఇక్కడ నిలబడ్డాను."

దెదె జోక్యం చేసుకుని, ఒప్పుకోవలసినవాడు బయట నిలబడినా చెల్లుతుందన్నాడు. ఇమాం తేలికపడి ఒక్క అడుగు వెనక్కి, మంచు బురదలోకి దిగాడు. సెనెమ్ కొంగుముడి విప్పి, జైనెల్ కోటు జేబులో మిగిలిన పింగాణీ ఫ్యూజు తీసి చూపించింది.

"హోజా, నీ మసీదులో ఎలుకలు లేవు. మా ఆయన ఉన్నాడు."

"తెలుసు, పిన్నీ," అన్నాడు ఇమాం. "నాలుగేళ్లలో ఆ పిల్లి ఒక్కదాన్నైనా పట్టాలి కదా."

తెలిసీ ఎందుకు ఊరుకున్నావని అడిగాడు దెదె. ఇమాం తన బూట్లవైపు చూసుకున్నాడు. పట్నం నుంచి పైఅధికారి వచ్చినప్పుడల్లా మసీదుకు ఊరివాళ్లెవరైనా వస్తున్నారా అని అడిగేవాడట. జైనెల్ బాబాయ్ విడవకుండా వస్తున్నాడని ఇతను చెప్పేవాడట. పైఅధికారి ఎంతో సంతోషించేవాడట.

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫ్యూజు దొంగతనం చిన్న విషయం. ఇది అలాంటిది కాదు.

"అంటే పైవాళ్ల లెక్కలో మా జైనెల్ నమాజీనా?" అన్నాడు హిదిర్.

"నమాజు చేస్తాడని అనలేదు. వస్తాడన్నాను. అది నిజమే."

"జైనెల్‌ను అడిగి చెప్పావా?" అన్నాడు దెదె.

"లేదు."

"అయితే హోజా, తప్పు నీదీ ఉంది. ఒప్పుకునేవాడు బయట ఉండొచ్చు. ఒప్పించుకోవలసినవాడు లోపలికి రావాలి."

ఇమాం చాలాసేపు తటపటాయించాడు. బూట్లు విప్పాడు. గడపకు తగలకుండా, వాగు దాటేవాడిలా కాలు ఎత్తి లోపలికి వచ్చాడు. సెనెమ్ పక్కన నిలబడి, చూపించిన ప్రకారం బొటనవేలి మీద బొటనవేలు వేశాడు. మేజోడుకు చిల్లు ఉంది. జెమ్‌లో చూసింది బయట చెప్పకూడదన్నది అక్కడి పాత నియమం. ఎన్నో తరాలుగా ప్రభుత్వం నుంచి ఊరిని కాపాడిన ఆ నియమం మొదటిసారిగా ఒక ప్రభుత్వోద్యోగికి అక్కరకొచ్చింది.

జైనెల్ తీసిన ఫ్యూజులన్నిటికీ తనకు సమ్మతమేనన్నాడు ఇమాం. "మరి బాబాయ్‌ను లెక్కలో వేసుకున్నందుకు మీరు ఒప్పుకుంటారా, పిన్నీ?"

సెనెమ్ ఆలోచించింది. "ఆయన తరఫున ఎంతవరకు ఒప్పుకోవచ్చో నాకు తెలీదు బాబూ. ఆయనే ఉంటే ముందు తిట్టేవాడు, తర్వాత నవ్వేవాడు. తిట్లు వదిలేస్తున్నాను."

జైనెల్‌ను దింపారు. వడ్డన మొదలైంది. ఇమాం గోధుమరవ్వ అన్నం మీది మాంసం వైపు చూసి తల దించుకున్నాడు. ఎవరో ఒక ఉడికించిన గుడ్డు అతని పళ్లెంలో పెట్టి వెళ్లారు.

న్యాయం జరిగినందువల్ల మర్నాటి నుంచి మైకు ఒక్క పూట కూడా ఆగలేదు. తెల్లవారుజామున ఊరు ఊరంతా లేచి కూర్చునేది. శీతాకాలం సగమయ్యేసరికి హిదిర్ సెనెమ్ ఇంటికి వచ్చి, ఇంటి కప్పు వైపు చూస్తూ, మసీదులో ఈమధ్య ఎలుకలు బొత్తిగా లేనట్టున్నాయన్నాడు. మా పెరట్లో అయితే లేవంది ఆమె.

మంచు కరిగే రోజుల్లో ఒక మధ్యాహ్నం మైకు ఆగిపోయింది. ఊరు సెనెమ్ వైపు మెచ్చుకోలుగా చూసింది. ఆమె మోచేతుల దాకా అక్రోటు రంగులో ఉంది. ఆమెకే అర్థం కాలేదు. ఇంతలో ఇమాం చంకలో పిల్లితో గుమ్మం ముందుకు వచ్చాడు.

"ఎలుకలు, పిన్నీ."

అతని చొక్కా జేబులో ఫ్యూజు ఆకారం బయటికే కనబడుతోంది. జైనెల్ కోటుకైతే లోపలి జేబు ఉండేదని ఆమె అనుకుంది, అనలేదు. చేతులు తుడుచుకుని బయలుదేరింది. నాలుగేళ్లు టార్చిలైటు పట్టినందుకు ఆ పెట్టె ఆమెకు తెలుసు. మసీదు గడప దగ్గర ఆగి, దానికి తగలకుండా కాలు ఎత్తి దాటింది.

పని అయ్యాక ఇమాం టీ పోశాడు. గ్లాసు ఆమె ముందు పెట్టి, కాసేపు పిల్లిని నిమిరి, పైఅధికారి వచ్చే వారం వస్తున్నాడన్నాడు. "ఈసారి అడిగే చెప్తాను, పిన్నీ. మిమ్మల్ని లెక్కలో వేసుకోనా?"

"వచ్చిందని చెప్పు. ఎందుకొచ్చిందో కూడా చెప్పు."

"అదంతా చెప్తే నన్నిక్కడ ఉంచరు."

సెనెమ్ టీ ఊదుకుంటూ ఆలోచించింది. లోకంలో తనకు వచ్చిన అబద్ధం ఒక్కటే. ఎలుకలు రాలేదు, వాటి పేరున తను వచ్చింది; అదీ ఇప్పుడు సగం నిజమే.

"అయితే ఎలుకలొచ్చాయని చెప్పు, బాబూ," అంది.