చాలు అంటే మొదలు

మా పై అంతస్తు బాబాయ్ పోయారు. ఆ కబురు నాకు మెట్ల మీదే తెలిసింది. ఏడాదికి పైగా మా బిల్డింగుకి బస్సుల కబుర్లన్నీ ఆ మెట్ల మీదే, ఆయన గొంతుతోనే అందాయి. ఆ సాయంత్రం మాత్రం వాళ్ల పెద్దబ్బాయి దిగొచ్చి, "నాయిన పోయిండక్కా" అని నా గుమ్మం ముందే కూలబడ్డాడు. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులు. చివరి చూపుకి ఎవర్నీ రానివ్వలేదు. తీరని ఆ బాధ మీతో చెప్పుకుంటే కొంచెమైనా తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

సూరత్‌లో మాది లింబాయత్ వైపు ఓ ఇరుకు బిల్డింగు. బాబాయ్ వాళ్లది తెలంగాణ. వాళ్ల నాన్న మగ్గాల పనికి ఇక్కడికొస్తే, ఈయన ఇక్కడే పెరిగి, బస్టాండులో ఎంక్వైరీ కిటికీ దగ్గర ఉద్యోగం చేశారు. ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో, ఏది రద్దయిందో మైకులో చెప్పేది ఆయనే. బిల్డింగంతా ఆయన్ని కాకా అనేది. కాకినాడ నుంచి కొత్తగా వచ్చిన నాకు అలా పిలవడానికి నోరు రాక బాబాయ్ అన్నాను. ఎట్లా పిలిచినా పలుకుతానన్నారు.

నేను సూరత్‌కి బస్సులో గంట దూరంలో ఉన్న బార్డోలీలో ఒక ఆసుపత్రిలో డయాలిసిస్ టెక్నీషియన్‌ని. లాక్‌డౌన్‌లో లోకమంతా ఆగినా మా మిషన్లు ఆగకూడదు. ఒక్కసారి తప్పితే మనిషికి ఒళ్లంతా నీరు పట్టి ఊపిరాడదు. మొదట్లో ఆసుపత్రి వ్యాను వచ్చి ఎక్కించుకుపోయేది. దాన్ని అంబులెన్సుగా మార్చేశాక నాకు దారి లేకుండా పోయింది. మా ఆయన చూస్తే హజీరాలో కంపెనీ టౌన్‌షిప్‌లో ఇరుక్కుపోయారు. బస్సులు ఎప్పుడు వదులుతారా అని కళ్లు కాయలు కాసేలా చూడ్డమే నా పని.

అప్పుడు రోజుకో నిర్ణయం. రేపు ఏది తిరుగుతుందో ఏది తిరగదో పైవాళ్లు సాయంత్రానికి తేల్చేవారు. ఆర్డర్ రాగానే బాబాయ్ మాస్కు సర్దుకుని మెట్ల మలుపులో నిలబడి, మైకు ముందున్నట్టే గొంతు సవరించుకుని, గుజరాతీలో ఒకసారి, హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పేవారు. ముందే ఓ మాట చెవిన వెయ్యొచ్చుగా అని నేను విసుక్కుంటే ససేమిరా ఒప్పుకునేవారు కాదు.

"వస్తదేమో అని చెప్పొద్దు బిడ్డా. ఆ ఏమోను నమ్మి ముసలోళ్లు స్టాండు దాంక నడిచొస్తరు."

ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ వస్తూనే, కింద నుంచి నా కిటికీ వైపు చూసి చెప్పారు: "బిడ్డా, రేపటి సంది బార్డోలీ బస్సు చాలు."

చాలు అంటే ఇంక వద్దనే కదా? అన్నం చాలు, కూర చాలు, ఇప్పుడు బస్సు కూడా చాలు. నా ఖర్మ ఇంతే అనుకుని, మర్నాడు పొద్దున్నే కూరగాయల టెంపో అతన్ని బతిమాలి, వంకాయ బస్తాల మధ్య కూర్చుని బార్డోలీ చేరాను. ఆ సమయానికి మా బాబాయ్ స్టాండులో నా కోసం బస్సు ఆపించి, డ్రైవరు చేత చీవాట్లు తింటూ గేటు వైపు చూస్తున్నారట.

ఫోన్ చేసి ఎంత కోపమో. చాలు అని చెప్పినాక ఎందుకు రాలేదని.

"మీరు చాలు అన్నారనే రాలేదు బాబాయ్."

అటు నుంచి ఆగకుండా నవ్వు. గుజరాతీలోనూ, వాళ్లింటి తెలుగులోనూ చాలు అంటే మొదలైందని, నడుస్తోందని అర్థమట. ఈ సంగతి బిల్డింగంతా పాకింది. పిన్ని, అంటే బాబాయ్ గారి భార్య, నా గిన్నెలో పచ్చిపులుసు పోసేటప్పుడు నేను "చాలు చాలు" అంటే, ఇంకో రెండు గరిటెలు పోసి నవ్వేది.

అప్పట్నుంచి బాబాయ్ అందరికీ చాలు అని చెప్పి, నా తలుపు వైపు తిరిగి విడిగా "మొదలైతది" అనేవారు. ఒక్కదాని కోసం రోజూ ఓ మాట ఎక్కువ చెప్పే ఓపిక ఎవరికుంటుంది? ఆ మాట వినడానికే తలుపు తీసి నిలబడేదాన్ని.

ఎక్కేవాళ్లు లేరని పొద్దుటి బార్డోలీ బస్సు తీసేద్దామనుకున్నారు ఒకసారి. మా దగ్గరికొచ్చే రోగులు దారిలో ఏయే ఊళ్లలో ఎక్కుతారని బాబాయ్ నన్ను అడిగారు. ఎందుకో చెప్పలేదు. బస్సు ఉండిపోయింది. ఆయన ఆఫీసరు గదిలోకి వెళ్లి ఏమన్నారో తర్వాత ఆ బస్సు కండక్టరు చెప్పాడు: "ఎక్కేవాళ్లు తక్కువే సార్. కానీ ఎక్కకపోతే బతకరు." గుజరాతీలో అన్న ఆ మాటను ఆయన తెలుగులో అని ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

రెండో విడతలో ఎంక్వైరీ కిటికీ దగ్గర జనం తోసుకొచ్చారు. అక్కడే అంటుకుంది ఆయనకి. ఆయన ఆసుపత్రిలో చేరిన వారంలోనే మా బస్సు మళ్లీ ఆపేశారు. నాకు టెంపోయే దిక్కయింది. ఊళ్లలోని రోగులకి అదీ లేదు. ఫోన్ చేస్తే, ఆయాసపడుతూ ఆయన అడిగింది ఒక్కటే, నీ బస్సు ఏమైందని. వస్తుందేమో అనబోయాను. నాలిక కరుచుకున్నాను.

"ఆర్డర్ ఇంకా రాలేదు బాబాయ్."

"రాంగనే చెప్పు బిడ్డా."

రాకముందే ఆయన వెళ్లిపోయారు.

దినాలయ్యాక ఒక సాయంత్రం, అలవాటు పోక, ఆ వేళకి బిల్డింగులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడ్డాం. అంతలో పైనుంచి పిన్ని ఒక్కో మెట్టూ దిగి, ఆయన నిలబడే మలుపు దగ్గర ఆగింది. కండక్టరు ఇప్పుడే ఫోన్ చేశాడంది. అచ్చం ఆయనలాగే గొంతు సవరించుకుంది.

"రేపటి సంది బార్డోలీ బస్సు చాలు."

చెప్పి, వెనక్కి తిరగబోయి ఆగింది. నా తలుపు వైపు చూసింది.

"మొదలైతది, బిడ్డా."