మే నెలలో మా గది ఉష్ణోగ్రత

చేతికందిన ప్రమోషన్‌ను సొంత నోటితో పోగొట్టుకున్న కెమిస్ట్రీ లెక్చరర్‌ను ఎప్పుడైనా చూశారా? చూడకపోతే కరీంనగర్ రండి. మా ఇంట్లో టీ కూడా ఇప్పిస్తాను.

ఒక మే నెలలో, కాలేజీకి సెలవులిచ్చాక, మా రేకుల షెడ్డు ల్యాబులో ఒక్కణ్ణే కూర్చుని ప్రయోగం చేస్తున్నాను. గాలికి పొడి ఎగిరిపోతుందని ఫ్యాను కూడా కట్టేశాను. రెండు రసాయనాలు కలిపి వదిలేస్తే సాయంత్రానికి తెల్లటి స్ఫటికాలు దిగాయి. పొయ్యి లేదు, మంట లేదు! ఎగిరి గంతేశాను. వేడి చేయకుండా, గది ఉష్ణోగ్రత దగ్గరే జరిగిపోయే చర్య అని వ్యాసం రాసి పంపితే ఒక పత్రిక అచ్చేసింది.

మన వ్యాసాన్ని ఇంకొకరు తమ వ్యాసంలో ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారు. మా లోకంలో పరపతి అంటే అదే. కొన్నాళ్లకు నాకూ మొదలయ్యాయి. జర్మనీ నుంచి ఒకటి, జపాన్ నుంచి ఒకటి, బెంగళూరు నుంచి ఒకటి. పొద్దున లేవగానే పళ్లు తోముకోకుండా ఫోనులో ఆ అంకె చూసుకునేవాణ్ణి. అది పెరిగిన రోజు మా ఆవిడ ఉప్పు లేని పప్పు పెట్టినా అమృతంలా తినేవాణ్ణి.

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మల్లేశం ఒకరోజు అడిగాడు. “అన్నా, జర్మనోళ్లు గూడ నీ పేరు రాసిండ్రట?”

“రాయకేం జేస్తరు?”

“ఏమని రాసిండ్రు?”

“గా వ్యాసం సదవాలంటే పైసలు గట్టాలె. పేరు రాసిండ్రు, సాలదా?”

“పేర్లు ఠాణాల గూడ రాస్తరన్నా.”

కుళ్లుకుంటున్నాడులే అనుకున్నాను. అప్పటి నా తెలివి అంత!

ఇంతలో ప్రమోషన్ ఇంటర్వ్యూ వచ్చింది. హైదరాబాద్‌లో చల్లటి ఏసీ గది. చైర్మన్ పక్కన కెమిస్ట్రీ నిపుణురాలిగా ఒక మేడం కూర్చుని ఉన్నారు. నా యాస వినగానే ఆమె కూడా మన భాషలోకి దిగిపోయారు.

“మీ వ్యాసాలల్ల మీకు బాగ నచ్చింది ఏది సారూ?”

ఇంకేదైనా చెప్పి ఉండొచ్చు. నోరు ఊరుకుంటేగా!

“గది ఉష్ణోగ్రత వ్యాసం మేడం. దునియా మొత్తం నా పద్ధతే పట్టుకున్నది. బెంగళూరుల ఒక పెద్ద ల్యాబోళ్లు గూడ నన్ను సైట్ చేసిండ్రు.”

“గా ల్యాబు నాదే.”

ఇంకేముంది, మనసులో అప్పుడే కొత్త హోదాతో నేమ్‌బోర్డు రాయించేసుకున్నాను. “మస్తు సంతోషం మేడం! మీకెట్ల వచ్చింది?”

“రాలే.”

“ఏం రాలే మేడం?”

“ఏమీ రాలే. నా దగ్గర పీహెచ్‌డీ చేసే పిల్ల నెలల కొద్ది పరేషాన్ అయ్యింది. ఈయన చెప్పినట్టు చేస్తే ఏం రాలేదని గదే రాసినం. జర్మనోళ్లు గూడ గట్లనే రాసిండ్రు. మీరు సదవలేదా?”

ఏసీ గదిలో చొక్కా తడిసిపోయింది. చైర్మన్ కళ్లజోడు తీసి నన్ను చూశారు. “అంటే, లేని ఫలితం రాశారా?”

ప్రమోషన్ సంగతి దేవుడెరుగు, ఉన్న పరువు కూడా పోయేలా ఉంది. దాదాపు ఏడుపు గొంతుతో అన్నాను. “లేదు సార్! కొండగట్టు అంజన్న మీద ఒట్టు! నా కండ్ల ముంగటనే దిగినయ్.”

మేడం పెన్ను అందుకుని అడిగారు. “ఏ నెలల చేసిండ్రు?”

“మే నెల మేడం.”

“ల్యాబు?”

“రేకుల షెడ్డు.”

“ఫ్యాను?”

“బందు పెట్టిన.”

ఆమె పెన్ను కింద పెట్టేశారు. “సారూ, మాది ఖానాపూర్. మే నెలల రేకుల కింద కూసున్నదాన్నే. మా ల్యాబుల ఏసీ నడుస్తది. జర్మనోళ్లు స్వెట్టర్లేసుకొని పని చేస్తరు. మీరు నెత్తిమీద గంత పెద్ద పొయ్యి వెట్టుకొని, పొయ్యి లేకుంట చేసిన అని రాసిండ్రా!”

గదంతా నవ్వు. చైర్మన్‌కు దగ్గు కూడా వచ్చింది. మోసం కాదని తేలినందుకు ప్రాణం లేచొచ్చింది గానీ ప్రమోషన్ మాత్రం రాలేదు. “ముందుగాల సవరణ పంపి, మళ్లొచ్చే యేడు రాండ్రి” అన్నారు మేడం. మళ్లీ మే రాగానే షెడ్డులో అసలు వేడి ఎంతో కొలిచి, రాసి పంపాను. ఈసారి ఆ పీహెచ్‌డీ అమ్మాయికి స్ఫటికాలు వచ్చాయట.

మల్లేశం మాత్రం ఈ రోజుకీ వదలడు. “ఒక్క థర్మామీటర్ అడిగితే నేను ఇయ్యకపోదునా అన్నా? మా ల్యాబుల డబ్బ నిండ పడున్నయ్!”

కనుక సకల పాఠకుల సమక్షంలో, చెమట తుడుచుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకపై నా పేరు ఎవరు రాసినా, ఎందుకు రాశారో చదివాకే మీసం దువ్వుతాను. మే నెలలో ఎంత గొప్ప విషయం కనిపెట్టినా, కార్తీకంలో ఇంకోసారి చేసి చూస్తాను. అప్పుడు రాకపోతే నోరు మూసుకుని ఇంటికి పోయి మంకీ క్యాప్ పెట్టుకుని పడుకుంటాను.