పుర్రచేతి ఆయన గొప్పా, పొట్టాయన గొప్పా

మొన్న కరీంనగర్ నుంచి మెట్‌పల్లికి బస్సులో పోతుంటే, ముందు సీట్లో ఇద్దరు కాలేజీ పిల్లలు క్రికెట్ గురించి పట్టుకున్నారు. ఆట మానేసి ఏళ్ళయిన ఒక బ్యాట్స్‌మన్‌ను ఒకడు అంతటివాడు లేడంటాడు, రెండోవాడు ఇంకొకరి పేరు చెబుతాడు. గంగాధర దాటేసరికి గొంతులు లేచాయి. జగిత్యాల వచ్చేసరికి ఒకడు సంచీ పట్టుకుని వెనక సీట్లోకి పోయి కూర్చున్నాడు. బస్సులో అందరూ విసుక్కున్నారు గానీ నాకు మాత్రం ప్రాణం లేచివచ్చినట్టయింది. అచ్చం ఇటువంటి తగవులోనే ఒకప్పుడు నా పెళ్ళి తప్పిపోబోయింది.

మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ కబడ్డీ, వాలీబాల్ ఆడుతుంటే మెట్‌పల్లికి మాత్రం బాస్కెట్‌బాల్ పిచ్చి పట్టింది. అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చి బడులు నెలల తరబడి మూతపడ్డప్పుడు, ఊరికే తిరుగుతున్న పడుచువాళ్ళను మా బడి డ్రిల్లు సారు పోగేసి ఈ ఆట నేర్పాడట. ఉట్నూర్ వైపు నుంచి టేకు దుంగలు తెప్పించి బడి గ్రౌండులో స్తంభాలు పాతారు. కమ్మరాయన బండి చక్రానికి వేసే ఇనుప పట్టాను వంచి రింగు చేసిచ్చాడు. దాని కింద వేలాడే జాలీని మా సాలెవాడలోనే నూలు పేని అల్లారు. అంతా బాగానే ఉంది గానీ, మట్టి నేల మీద బంతి లేవదు. అందుకని పోటీ ఉందంటే ముందు రోజు ఆడవాళ్ళు కళ్ళం అలికినట్టు గ్రౌండంతా పేడతో అలికేవాళ్ళు. గెలిచినవాళ్ళను భుజాల మీద ఎత్తుకున్నవాళ్ళ దగ్గర మర్నాటిదాకా పేడ వాసన వచ్చేదని మా అవ్వ, అంటే అమ్మ, నవ్వేది. ముసలివాళ్ళు దాన్ని గంపాట అనేవారు. అలికిన నేల మీద ఎగిరే ఆ బంతి చప్పుడు, పక్క వీధిలో మగ్గాల చప్పుడు కలిసి వినిపించడం నా చిన్నతనానికి గుర్తు.

ఆ జట్టులో ఇద్దరు మొనగాళ్ళు. ఒకరు ఎడమచేతి వాటం మనిషి, ఊరంతా పుర్రచేతి ఆయన అనేవాళ్ళు. ఎంత దూరం నుంచైనా నిలబడి, తొందరపడకుండా బంతి విసిరేవాడు. ఇంకొకరు పొట్టాయన. అంత ఎత్తు ఆటలో అంత పొట్టి మనిషి ఏం చేస్తాడని ఎదుటి జట్టువాళ్ళు నవ్వేలోపల వాళ్ళ చంకల కిందినుంచి దూరిపోయి బుట్టలో వేసి వచ్చేవాడు. ఆదిలాబాద్‌లో జరిగిన ఫైనల్లో చివరి నిమిషంలో పొట్టాయన బంతి అందించాడు, పుర్రచేతి ఆయన విసిరాడు, బంతి రింగు అంచుకు తగిలి బయట పడింది. ఒక్క బుట్టతో మా ఊరు ఓడిపోయింది. ఆ మధ్యాహ్నం నుంచి మా ఊరు రెండుగా చీలింది. మా బాపు, అంటే నాన్న, పుర్రచేతి ఆయన పక్షం. ఆయనకు నాలుగు మగ్గాలుండేవి. పని మధ్యలో ఎవరైనా ఆ ముచ్చట ఎత్తితే చాలు, నూలు ఉండ తీసుకుని ఎడమచేత్తో మూలనున్న గంపలోకి విసిరి చూపించేవాడు. బాపుది కుడిచేతి వాటం కనుక అది ఒక్కసారి కూడా గంపలో పడేది కాదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ఎనభైలలో, నాకు బోథ్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లగాడు ఉట్నూర్‌లో ఆశ్రమ పాఠశాల టీచరు. ఒక చుట్టాల పెళ్ళిలో ఆయన్ను చూశాను. వడ్డన చేస్తూ ముసలివాళ్ళ దగ్గర ఒంగి మెల్లగా అడిగి వడ్డించడం చూసి, చేసుకుంటే ఇతన్నే చేసుకోవాలని మనసులో గట్టిగా అనుకున్నాను. ఆ మాట అవ్వకు కూడా చెప్పలేదు. అందుకే వాళ్ళు చూపులకు వచ్చిన రోజున నా గుండె నా చేతిలో లేదు.

పిల్లగాడి తండ్రికి, అంటే తర్వాత నాకు మామ అయిన మనిషికి, బోథ్‌లో బట్టల దుకాణం. ఆ ఆట రోజుల్లో కొన్నాళ్ళు మెట్‌పల్లిలోనే ఉండి వెళ్ళాడని, ఆదిలాబాద్ ఫైనల్ చూశాడని మాటల్లో తెలిసింది. బాపు ముఖం వెలిగిపోయింది. ఇద్దరూ పక్కపక్కకు జరిగి కూర్చున్నారు. నన్ను చూడటానికి వచ్చిన సంగతి అంతటితో సరి.

"ఎన్నన్న చెప్పు బావా, పుర్రచెయ్యి లెక్క ఆడెటోడు మల్ల పుట్టలే," అన్నాడు బాపు.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏసిండు, ఎందుకెయ్యలే. మీ ఊరి రింగుల ఏసిండు. గది రింగా, గంగాళం మూతినా? నాలుగు వేళ్ళంత పెద్దగుండె. ఆదిలాబాదుల సరైన రింగు కనవడంగనే గురి తప్పింది."

"గురి తప్పలే. మీ పొట్టోడు బంతి ఆఖరిదాక చేతులనే పెట్టుకున్నడు."

"పొట్టోడా?" అన్నాడు మామ. తన దేవుణ్ణి పొట్టాయన అనకుండా పొట్టోడు అన్నందుకు నొచ్చుకున్నాడు. లేచి నిలబడి చెప్పుల కోసం చూశాడు. తలుపు వెనక అవ్వ నెత్తి పట్టుకుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఊళ్ళో ఇన్ని సంబంధాలు ఇన్ని కారణాలకు తప్పిపోయాయి గానీ, గంపాట మీద తప్పిపోయేది నాదే కాబోలు అనుకున్నాను.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న పిల్లగాడు వాళ్ళ నాన్నతో అన్నాడు: "బాపూ, గా రింగు ఇంక బడిల ఉన్నదేమో. పోయి కొలుసుకోరాదుండ్రి?"

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. బాపు మగ్గం పక్కనున్న గజంబద్ద తీసుకున్నాడు. ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా బడి దారి పట్టారు. మా ఇళ్ళల్లో అప్పటికి పిల్లా పిల్లగాడు మాట్లాడుకునే ఆనవాయితీ లేదు. ఆ గజంబద్ద పుణ్యాన మాకు మాత్రం దొరికింది. అవ్వ వంటింట్లోకి పోయి కావాలనే గిన్నెలు చప్పుడు చేయసాగింది.

"మీరెవరి దిక్కు?" అని అడిగాను. అదే నా మొదటి మాట.

"నేను గా ఆట సూడనే లేదు," అన్నాడాయన. వాకిలి వైపు ఒకసారి చూసి, "ఇయ్యాల్టికైతే మీ బాపు దిక్కే. జర మా బాపుతోని చెప్పకు," అన్నాడు.

చాలాసేపటికి వాళ్ళిద్దరూ తిరిగివచ్చారు. బడిలో ఎప్పుడో కొత్త స్తంభాలు, కొత్త రింగు పెట్టారట. పాతది ఏ ఇనుప సామాన్లవాడికి పోయిందో ఎవరికీ తెలియదు. చేసిన కమ్మరాయన కూడా కాలం చేశాడు. ఇక కొలవడానికి ఏమీ లేదు. మామ అరుగు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు: "ఇది ఒక్క దినంల తెగేది కాదు బావా. పిల్లనియ్యి. వచ్చుడు పోవుడు ఉంటది, మెల్లగ తేల్చుకుందం."

అట్లా నా పెళ్ళి అయింది. ఆ తర్వాత పన్నెండేళ్ళకు పైగా వియ్యంకులిద్దరూ తేల్చుకుంటూనే ఉన్నారు. బాపు బోథ్‌కు వస్తే మామ దుకాణంలో బేరాలు సాగేవి కావు. ఉట్నూర్‌లో మా ఇంటికి జీపులో కలిసి వచ్చినప్పుడు కూడా, డ్రైవరు మొదలుకొని జీపెక్కిన వాళ్ళందరినీ ఏదో ఒక పక్షంలో చేర్చుకునే దిగేవాళ్ళు. నా పిల్లలకు ఆ ఇద్దరు ఆటగాళ్ళు మేనమామలంత తెలుసు. ఒకసారి కూడా ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకోలేదు, ఒకసారి కూడా అన్నం తినకుండా లేవలేదు. అవి నా జీవితంలో సుఖమైన రోజులు.

తొంభైల మధ్యలో బాపు పోయాడు. దినాలన్నీ అయ్యాక మామ బోథ్‌లో మాటాపలుకూ లేకుండా కూర్చునేవాడు. ఆయన్ను కదిలించాలని ఒకరోజు మా ఆయన, "బాపూ, ఏదన్న గానీ పొట్టాయనే గొప్పోడు," అన్నాడు.

మామ తల అడ్డంగా ఊపాడు. "కాదు. పుర్రచెయ్యే గొప్పోడు," అని మొదలుపెట్టాడు. దూరం నుంచి విసరడం, తొందరపడకపోవడం, ఫైనల్లో బంతి ఆలస్యంగా అందడం, అన్నీ బాపు చెప్పిన వరుసలోనే చెప్పాడు.

"మామా, ఇన్నేండ్లు మీరు ఒప్పుకోలేదు గదా?" అన్నాను.

"ఇప్పుడన్న ఒప్పుకున్ననా? నా దిక్కు చెప్పెతందుకు నేనున్న బిడ్డా. ఆయన దిక్కు చెప్పెతందుకు ఎవరున్నరు?"

వంటింట్లోకి పోయి, బాపు పోయిన రోజున ఏడ్చినదానికంటే ఎక్కువ ఏడ్చాను. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ మామ బాపు పక్షమే వాదించాడు, ఆ పక్షాన్ని ఒక్కనాడు కూడా ఓడిపోనివ్వలేదు. వాళ్ళిద్దరిలో ఎవరు గొప్ప ఆటగాడో నాకిప్పటికీ తెలియదు. ఇన్నేళ్ళు గడిచాక తెలిసింది ఒక్కటే: మన మాట కాదనే మనిషి మన పక్కనే కూర్చుని ఉన్న కాలమే మంచి కాలం, అది నడుస్తున్నప్పుడు మాత్రం మనకు వట్టి తగవులాగానే కనిపిస్తుంది.